మురుద్ జంజీరా మీద వీడియోలు చేసే తెలుగు మిత్రులకు బహిరంగ లేఖ

చరిత్ర, ప్రయాణాల ఛానళ్లు నడిపే తెలుగు మిత్రులకు,

నమస్కారం.

నేను చాలా ఏళ్లుగా ముంబైలో ఉంటున్న తెలుగువాణ్ణి. ఇదివరకు ఊరి నుంచి చుట్టాలొస్తే గేట్‌వే, ఎలిఫెంటా, మహాలక్ష్మి గుడి, సిద్ధివినాయక గుడి చూపిస్తే సరిపోయేది. ఇప్పుడు రైలు దిగీ దిగకముందే "జంజీరా ఎప్పుడు తీసుకెళ్తావ్?" అంటున్నారు. సముద్రం మధ్యలో ఉన్న కోట అది, ముంబైకి దక్షిణంగా 165 కిలోమీటర్లు. అలీబాగ్ దాటాక రోడ్డు ఇరుకు, మలుపులు. అంత దూరం పిల్లాజెల్లాతో బయల్దేరడానికి మనవాళ్లు సిద్ధపడుతున్నారంటే ఆ ఘనత మీ వీడియోలదే. అందులో నాకు అనుమానం లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, వాళ్లు మీ దగ్గర నేర్చుకుని వస్తున్నది. కోట సగం దూరంలో ఉండగానే "సముద్రం కింద సొరంగం ఎక్కడుంది?" అని అడుగుతారు. "పన్నెండు కిలోమీటర్లు కొట్టే ఫిరంగి ఏది?" అని అడుగుతారు. ఇది కట్టిందెవరు, అందులో కాపురమున్నదెవరు అని మాత్రం ఒక్కరూ అడగరు. మీరు చెప్పి ఉంటే కదా అడగడానికి! నేను చూసిన వీడియోల్లో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉన్నాయి. ఎర్ర బాణం గుర్తుతో థంబ్‌నెయిల్, "ఎవరూ జయించలేని మిస్టరీ కోట" అని శీర్షిక, డ్రోన్ షాట్, ఒక బీజీఎం, చివర్న సబ్‌స్క్రైబ్. కట్టినవాళ్ల పేర్లు రావు. కట్టిన తీరు గురించి రెండు ముక్కలు వచ్చినా అవి కూడా అద్భుతం, అంతుచిక్కని రహస్యం అనే ధోరణిలోనే ఉంటాయి. ఈ లేఖ రాయడానికి కారణం అదే. జంజీరాలో మిస్టరీ తక్కువ, మనుషుల తెలివి ఎక్కువ. ఆ తెలివి ఎవరిదో చెప్పండి.

ముందు ఆ సొరంగం సంగతి తేల్చేద్దాం. కోటకు, రాజ్‌పురి ఒడ్డుకు మధ్య దూరం సుమారు అర మైలు. ఆ నీటి అడుగున సొరంగం తవ్వారని చెప్పే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. సొరంగమే ఉంటే ముట్టడి జరిగిన ప్రతిసారీ లోపలివాళ్లు తిండిగింజల కోసం పడవల మీద ఎందుకు ఆధారపడ్డారు? శత్రువులు ఆ పడవల్ని ఆపడానికి ఎందుకు అంత తంటాలు పడ్డారు? సొరంగం ఉందనడానికి ఆధారం దొరికితే తప్పకుండా చూపించండి. నేనే పదిమందికి పంపిస్తాను. లేకపోతే ఆ ముక్క తీసేయండి.

పడవవాళ్లు, గైడ్లు చెప్పారు కదా అంటారేమో. వాళ్లను నేను తప్పుపట్టను. ఎక్కేవాళ్లు ఏం వినాలనుకుంటారో పొట్టకూటి కోసం అదే చెబుతారు. "22 ఎకరాలు, 22 బురుజులు, 22 ఏళ్లు" అని ప్రాస కుదిరేలా చెప్పేస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ మీరు మైకు పట్టుకుని లక్షలమందికి చెబుతున్నారు. బురుజుల లెక్కే తీసుకోండి. ఒక వీడియోలో 19, ఇంకోదాంట్లో 22, మరోదాంట్లో 26. 1883లో అచ్చయిన బొంబాయి ప్రెసిడెన్సీ గెజిటీరు కొలాబా, జంజీరా సంపుటం 19 అంటుంది. పడవ కోట చుట్టూ ఒక చుట్టు తిరిగితే మీరే లెక్కపెట్టి చూపించవచ్చు. అది మాత్రం మంచి వీడియో అవుతుంది, నామాట నమ్మండి.

ఇక అసలు కథ.

ఆ రాతి దిబ్బ మీద మొదట ఉన్నది రాతికోట కాదు. పదిహేనో శతాబ్దంలో అక్కడి కోలీలు, అంటే చేపలవేట మీద బతికే జాలర్లు, సముద్రపు దొంగల బెడద తట్టుకోలేక బలమైన దుంగలు పాతి చుట్టూ దడి కట్టుకున్నారు. మరాఠీలో దాన్ని మేఢేకోట్ అంటారు. వాళ్ల నాయకుడు రామ్ పాటిల్. కొన్నాళ్లకు అతను పైఅధికారుల మాట వినడం మానేశాడు. పైవాళ్లంటే అహ్మద్‌నగర్ నిజాంషాహీలు. 1490 ప్రాంతంలో వాళ్ల కొలువులోని పీరం ఖాన్ అనే హబ్షీ, అంటే ఆఫ్రికా మూలాలున్నవాడు, వర్తకుడి వేషంలో ఓడ తెచ్చి, తుఫానుకు భయపడి ఆగినట్టు ఆగి, సరుకు పెట్టెలు లోపల పెట్టుకోనిమ్మని అడిగాడట. రామ్ పాటిల్ సరేనన్నాడు. ఆ రాత్రి కోలీలకు కావలసినంత మద్యం పోశారు. పెట్టెల్లోంచి సైనికులు బయటికొచ్చారు. ఈ కథలో ఎంత నిజమో, ఎంత కల్పనో గానీ, కొంకణ్ తీరంలో తరతరాలుగా ఇదే చెప్పుకుంటారు. కోట జాలర్ల చేతిలోంచి జారిపోయిందన్న సంగతి మాత్రం నిజం. "ఎప్పుడూ ఎవరికీ లొంగని కోట" అని మొదలుపెట్టేవాళ్లు ఈ మొదటి ఘట్టాన్ని ఎలా దాటేస్తారో నాకు అర్థం కాదు.

ఇక్కడ మనకు ఒక చిన్న చుట్టరికం కూడా ఉంది. నిజాంషాహీ రాజ్యం స్థాపించిన మాలిక్ అహ్మద్ తండ్రి మాలిక్ హసన్, బహమనీల తరఫున రాజమహేంద్రవరం వైపు తెలుగు సీమను ఏలిన అధికారి. జంజీరా కథ మొదలైన రోజుల్లో మన గోదావరి తీరం, ఆ కొంకణ్ తీరం ఒకే బహమనీ పాలన పరిధిలో ఉండి, అప్పుడప్పుడే విడిపోతున్నాయి. మన ప్రేక్షకులకు చెప్పదగ్గ సంగతి ఇది. ఏ వీడియోలోనూ వినలేదు.

దుంగల దడి పోయి రాతిగోడ వచ్చింది 1567–71 మధ్య, బుర్హాన్ ఖాన్ కాలంలో. ఇప్పుడు మనం చూస్తున్న రూపం మాత్రం ఒక్కరోజులో, ఒక్కరి చేతిలో వచ్చింది కాదు. పదిహేడో శతాబ్దమంతా, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కూడా సిద్దీలు, అంటే ఆఫ్రికా మూలాలున్న అక్కడి పాలకులు, దాన్ని పెంచుతూ, బలపరుస్తూ వచ్చారు. అందుకే "ఫలానా సంవత్సరంలో కట్టారు" అని ఒక్క అంకె స్క్రీన్ మీద వేస్తే అది సగం నిజమే అవుతుంది.

కట్టడం దగ్గర కాసేపు ఆగుదాం. మీ కెమెరాకు కావలసిందంతా ఇక్కడే ఉంది.

రాజ్‌పురి రేవులో తెరచాప పడవ ఎక్కుతారు. పడవ కదిలాక చాలాసేపు ఎదురుగా ఒక నల్లటి గోడ, దానికి గుండ్రంగా ఉబ్బిన బురుజులు, అంతే. తలుపు కనబడదు. పడవ బాగా దగ్గరికి వెళ్లి కొంచెం పక్కకు తిరిగితే అప్పుడు రెండు బురుజుల మడతలోంచి ద్వారం బయటపడుతుంది. ఇది రహస్యం కాదు, లెక్క. ద్వారాన్ని దూరం నుంచి గురిచూసి కొట్టలేకపోవాలి. దాన్ని చేరాలనుకున్న పడవ రెండు పక్కల బురుజుల తుపాకుల కిందికి తనంతట తానే రావాలి. పైగా ఆ ద్వారం తెరిచి ఉన్న సముద్రం వైపు లేదు, ఒడ్డు వైపు ఉంది. పెద్ద ఓడలు బారులు తీరి నిలబడి కొట్టే దిక్కు అది కాదు. మీరు డ్రోన్ ఎగరేస్తే ఈ చమత్కారం అసలు కనిపించదు. పైనుంచి చూస్తే తలుపు తలుపులాగే ఉంటుంది. ఆ కోటను నీటి మట్టం నుంచి చూడటానికే కట్టారు. కెమెరా పడవ అంచున పెట్టి, మాట్లాడకుండా, కట్ చేయకుండా ఆ కొద్ది నిమిషాలు తీయండి. మీ ప్రేక్షకులకు అంతా దానంతటదే అర్థమవుతుంది.

గోడ నేరుగా నీళ్లలోంచి లేస్తుంది. ఎత్తు నలభై అడుగులకు తక్కువ ఉండదు. కింద ఇసుక లేదు, దండు నిలబడటానికి చోటు లేదు. ఆటు సమయంలో కొన్ని రాళ్లు తేలినా వాటి మీద పాకుడు, నత్తగుల్లలు. నిచ్చెన వేయాలంటే ఊగే పడవలోంచి వేయాలి. బురుజులు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి గోడలో ఏ భాగాన్ని చూసినా కనీసం రెండు బురుజుల నుంచి కాల్పులు అందుతాయి. గుండ్రంగా ఎందుకు కట్టారంటే, మూలలున్న బురుజుకైతే ఫిరంగి గుండు తగిలినప్పుడు ఆ మూల విరిగిపోతుంది. గుండ్రటిదానికి తగిలితే పక్కకు జారే అవకాశం ఎక్కువ. బురుజు లోపల కమాను కింద నిలబడి బయటికి చూడండి. ఆ చిన్న కంతలోంచి నీటి దారి మొత్తం కనిపిస్తుంది. బయటివాడికి మాత్రం లోపలివాడు కనిపించడు.

ద్వారం దాటేముందు గోడ మీద చెక్కడాలు చూడండి. కాళ్ల గోళ్లలో ఏనుగుల్ని బొమ్మల్లా పట్టుకున్న పులిలాంటి జంతువు ఒకటి ఉంది. మీలో చాలామంది దానిముందు నిలబడటానికి కూడా ఆగకుండా లోపలికి పరిగెత్తుతున్నారు. పడవ ఊగుతుంటే, వెనక జనం తోస్తుంటే, టెన్షన్‌లో దాన్ని చూడటం కష్టమే, ఒప్పుకుంటాను. తిరిగి వెళ్లేటప్పుడైనా ఆగండి. దక్కను కోటల ద్వారాల మీద ఇలాంటి జంతువుల బొమ్మలు చెక్కడం ఒక సంప్రదాయం. మన గోల్కొండలో బాలాహిస్సార్ దర్వాజా మీద సింహాలు, నెమళ్లు చూసిన కళ్లకు ఇది పరాయిది అనిపించదు. రాజ్యాలు కొట్టుకున్నా శిల్పులు, మేస్త్రీల పనితనం మాత్రం ఆ ఎల్లలు దాటి తిరిగేది.

పడమటి వైపు, సముద్రం ముఖంగా, ఒక చిన్న తలుపు ఉంది. దర్యా దర్వాజా అంటారు. ముందు ద్వారం పోతే వెనక నుంచి పడవలో తప్పించుకోవడానికి అది. సొరంగం ఎందుకు అక్కర్లేదో ఆ తలుపు చూస్తే తెలుస్తుంది.

మంచినీళ్ల చెరువులు. "నాలుగు వైపులా ఉప్పునీరు, మధ్యలో తియ్యటి నీరు, శాస్త్రవేత్తలకే అంతుబట్టని వింత!" అని ఎన్నిసార్లు విన్నానో. అయ్యా, అది కొంకణ్. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే నేల. గైడ్లు చెప్పే 22 ఎకరాలే తీసుకున్నా, దాని మీద అంత వాన పడితే ఎన్ని నీళ్లో వేసి చూడండి. ఏడాదికి పాతిక కోట్ల లీటర్ల పైమాటే. అందులో కొంత భాగం రాతి గుంటల్లోకి మళ్లించి నిలబెట్టుకున్నా ఒక ఊరు బతుకుతుంది. వింత ఆ నీటిలో లేదు. ఒక్క చుక్క కూడా సముద్రం పాలవకుండా చూసుకోవాలని ముందే ఆలోచించిన మనిషి బుర్రలో ఉంది. ఇళ్లలో ఇంకుడుగుంతలు తవ్వమని ప్రభుత్వాలు బతిమాలుతున్న రోజుల్లో, ఇంతకన్నా మంచి కంటెంట్ మీకేం కావాలి?

ఫిరంగుల విషయానికొస్తే, కలాల్ బాంగ్డీ, చావ్రీ, లాండా కాసం అని మూడింటి పేర్లు అందరూ చెబుతారు. కలాల్ బాంగ్డీ నిజంగానే పెద్దది, ఎదురుగా నిలబడితే నోట మాట రాదు. కానీ పన్నెండు కిలోమీటర్లు ఎక్కడ? ఆ కాలపు నున్నటి గొట్టం ఫిరంగులు గురిచూసి కొట్టగలిగింది కిలోమీటరు, మహా అయితే రెండు. జంజీరాకు అంతకన్నా అవసరం కూడా లేదు. ఒడ్డుకూ కోటకూ మధ్య ఉన్న నీళ్లను కాపాడితే చాలు. వీటికంటే నాకు ఆసక్తిగా అనిపించేవి గోడల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న చిన్న ఫిరంగులు. వాటిలో కొన్నింటి మీద ఐరోపా పోతపనివాళ్ల గుర్తులున్నాయి. అంటే వర్తకం, యుద్ధం, దోపిడీ దారుల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరినవి. దయచేసి వాటి మీదెక్కి కూర్చుని ఫొటోలు దిగకండి. మిమ్మల్ని చూసి మీ ఫాలోయర్లు అదే పని చేస్తారు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. మీ వీడియోల్లో పూర్తిగా మాయమైపోతున్నది వీళ్లే.

సిద్దీలు ఆఫ్రికా నుంచి, ముఖ్యంగా ఇథియోపియా వైపు నుంచి వచ్చినవాళ్లు. చాలామందిని చిన్నప్పుడే బానిసలుగా అమ్మేశారు. దక్కనులో వాళ్లు సైనికులయ్యారు, నావికులయ్యారు, కొందరు సేనాధిపతులూ అయ్యారు. వాళ్లలో అందరికన్నా పేరున్నవాడు మాలిక్ అంబర్. బానిసగా వచ్చి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని తన చేతుల మీదుగా నడిపి, మొఘలుల్ని ఏళ్ల తరబడి ముప్పుతిప్పలు పెట్టాడు. తర్వాత ఔరంగాబాద్‌గా పేరుపడిన ఖడ్కీ పట్నం అతను కట్టించిందే. మాలిక్ అంబర్ కాలంలో, 1620ల మొదట్లో, జంజీరాకు వచ్చిన సిద్దీ అంబర్‌తో అక్కడ సిద్దీల పాలన కుదురుకుంది. తండ్రి తర్వాత పెద్ద కొడుకే అన్న పద్ధతి మొదట్లో అక్కడ గట్టిగా లేదు. సర్దార్లు తమలో సమర్థుడనుకున్నవాణ్ణి నిలబెట్టేవాళ్లు. పనికిరాడనుకుంటే దించేసేవాళ్లు కూడా.

మన హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ పేట ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న నిజాం అశ్వదళం వల్ల ఏర్పడింది. పెళ్లి బారాత్‌లో మర్ఫా మోగితే కాళ్లు ఆడించని హైదరాబాదీ ఉండడు. ఆ వాయిద్యంలో అరబ్బులతో పాటు ఈ ఆఫ్రికా సంతతివాళ్ల పాలు కూడా ఉంది. ఏసీ గార్డ్స్‌వాళ్లు జంజీరా నుంచి వచ్చినవాళ్లని నేను అనడం లేదు. వాళ్ల కథ వేరు, అందులో వనపర్తి సంస్థానం పాత్ర ఉందంటారు. కానీ దక్కనులో ఆఫ్రికావాళ్ల చరిత్ర అని ఒకటి ఉందని, అది మన వీధి చివర దాకా వచ్చిందని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. "విదేశీ దొంగలు" అని ఒక్క మాటలో తేల్చేసే బదులు ఇది చెప్పండి.

అలాగని వాళ్లను వీరాధివీరులుగా మోయమని కాదు. సిద్దీ నౌకలు కొంకణ్ పల్లెల్ని దోచాయి, మనుషుల్ని పట్టుకుపోయి అమ్మేశాయి. బానిసలుగా వచ్చినవాళ్ల రాజ్యం మళ్లీ బానిస వ్యాపారం చేసింది. ఆ మాటా చెప్పాలి.

"ఎందుకు ఎవరూ గెలవలేదు?" అన్న ప్రశ్నకు జవాబు గోడల్లో సగమే ఉంది. మిగతా సగం రాజకీయం. శివాజీ మహారాజ్ దీనికోసం ఎన్నోసార్లు ప్రయత్నించాడు. ఒక దశలో కోట అధిపతి ఫతే ఖాన్ ఇక లాభం లేదని అప్పగించేయడానికి సిద్ధపడ్డాడు కూడా. అప్పుడు సంబల్, కాసిం, ఖైరియత్ అనే ముగ్గురు సిద్దీలు అతణ్ణి బంధించి కోటను చేతుల్లోకి తీసుకున్నారు. అప్పటిదాకా కొలిచిన బీజాపూర్ సుల్తానును వదిలి మొఘలుల నీడకు చేరారు. ఔరంగజేబు వాళ్లకు డబ్బు, నౌకలు, యాకూత్ ఖాన్ అన్న బిరుదు ఇచ్చాడు. ఇది 1670 ప్రాంతపు మాట. ఆ నాటి నుంచి జంజీరాను కొట్టడమంటే మొఘలు సామ్రాజ్యపు నౌకాదళాన్ని కొట్టడమే.

శివాజీ ఊరుకోలేదు. ఎదురుగానే, కాసా అనే రాతి దిబ్బ మీద పద్మదుర్గం కట్టించాడు. మురుద్ బీచ్‌లో నిలబడితే కనిపిస్తుంది. దాని గోడల్లో సముద్రం రాయిని తినేసింది, రాళ్ల మధ్య వేసిన సున్నం మాత్రం గట్లుగట్లుగా నిలబడే ఉంది. జంజీరా మీద పది వీడియోలుంటే పద్మదుర్గం మీద ఒక్కటి లేదు. 1676 ప్రాంతంలో శివాజీ ప్రధాని మోరోపంత్ పింగళే ముట్టడి వేసినప్పుడు లాయ్ పాటిల్ అనే కోలీ నావికుడు రాత్రివేళ వెళ్లి గోడకు నిచ్చెనలు వేసి ఎదురుచూశాడట. తెల్లవారుతున్నా మోరోపంత్ మనుషులు రాలేదు. మహారాజు అతని ధైర్యానికి మెచ్చి పల్లకీ ఇస్తే, సముద్రంలో తిరిగేవాడికి పల్లకీ ఎందుకన్నాడని, అప్పుడు 'పాల్ఖీ' అన్న పేరుతో ఓడ కట్టించి ఇచ్చారని మరాఠీ కథనం. కోట మొదట కట్టుకున్నదీ కోలీలే, దాన్ని ఎక్కడానికి ప్రాణాలకు తెగించినవాడూ కోలీయే. ఇవాళ మిమ్మల్ని పడవలో కోట దాకా తీసుకెళ్లేదీ ఆ తీరం మనుషులే.

1682లో శివాజీ కొడుకు శంభాజీ ఇంకో దారి పట్టాడు. ఒడ్డు నుంచి కోట దాకా సముద్రాన్నే పూడ్చి బాట వేయించబోయాడు. పని సాగుతుండగా మొఘలు సైన్యం ఇంకో వైపు నుంచి మీదికి వచ్చింది. అతను వెనక్కి వెళ్లక తప్పలేదు. గమనించండి, ప్రతిసారీ ముట్టడి సముద్రం మీద కన్నా నేల మీదే ఎక్కువగా విఫలమైంది.

కామెంట్ల సెక్షన్‌లో ఈ పోరాటమంతా మతాల గొడవగా మారిపోతోంది. మీలో కొందరు అది చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు, వ్యూస్ పెరుగుతాయి కాబట్టి. శివాజీ నౌకాదళానికి నాయకత్వం వహించినవాళ్లలో దౌలత్ ఖాన్ ఉన్నాడు. సిద్దీ సంబల్ బంధువు సిద్దీ మిస్రీ, శంభాజీ వైపు చేరి సొంతవాళ్లతోనే సముద్రం మీద పోరాడాడు. ఈ రెండు పేర్లు చెబితే చాలు, సగం కామెంట్లు వాటంతటవే చల్లబడతాయి. చల్లబడకపోతే మీ చేతిలో డిలీట్ బటన్ ఉండనే ఉంది.

ముంబైవాడిగా నాకు ఇష్టమైన ఘట్టం ఒకటి చెప్పనివ్వండి. 1689లో సిద్దీ యాకూత్ ఖాన్, అంటే ఆ ముగ్గురిలోని కాసిం, ఔరంగజేబు తరఫున బొంబాయి మీదికి వచ్చాడు. శివ్‌డీ దగ్గర దిగి, మజ్‌గావ్, మాహిం పట్టుకున్నాడు. ఇంగ్లీషువాళ్లు బొంబాయి కోటలో బిక్కుబిక్కుమంటూ నెలల తరబడి కూర్చున్నారు. చివరికి ఔరంగజేబును క్షమాపణ వేడుకుని, లక్షన్నర రూపాయలు కట్టి బతికిపోయారు. 1690 జూన్‌లో సిద్దీ వెళ్తూ వెళ్తూ మజ్‌గావ్ కోటను నేలమట్టం చేశాడు. ఇప్పుడు డాక్‌యార్డ్ రోడ్ స్టేషన్ పక్కన గుట్ట మీద ఉన్న జోసెఫ్ బాప్టిస్టా గార్డెన్ అక్కడే. ఆ పార్కు మెట్ల మీద నిలబడి మీ జంజీరా వీడియో మొదలుపెట్టి చూడండి. లోకల్ ట్రైన్ టికెట్‌తో అయిపోతుంది.

"ఎన్నడూ ఓడలేదు" అన్న మాటకు ఇంకో సవరణ. కోట పడలేదు గానీ సిద్దీలు ఓడారు. 1730లలో మరాఠా పీష్వా బాజీరావు కాలంలో వాళ్ల నేల చాలావరకు పోయింది. 1736లో బాజీరావు తమ్ముడు చిమాజీ అప్పా చేతిలో వాళ్ల సేనాని సిద్దీ సాత్ చనిపోయాడు. 1834లో బ్రిటిష్‌వాళ్లు జంజీరాను తమ అధికారం కింద ఉన్న రాజ్యంగా ప్రకటించి నాణేల ముద్రణ ఆపించేశారు. నవాబులు మురుద్‌లో సముద్రం చూసే మేడ కట్టుకుని ఒడ్డుకు మారారు. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది. ఒక్క ఫిరంగీ పేలలేదు.

2025 జులైలో యునెస్కో మరాఠా సైనిక ప్రాంతాలుగా పన్నెండు కోటలకు ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. సింధుదుర్గ్, విజయదుర్గ్, సువర్ణదుర్గ్, ఖాందేరీ అందులో ఉన్నాయి. తమిళనాడులోని సెంజి కూడా ఉంది. జంజీరా లేదు. ఎందుకు లేదని కొందరు ఆవేశపడుతూ షార్ట్స్ పెట్టారు. ఆ జాబితా మరాఠాల కోటలది. జంజీరా మరాఠాల చేతికి రానేలేదు. ఇందులో కుట్ర ఏముంది? జంజీరాకు దాని సొంత కారణాలతో, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు హిందూ మహాసముద్రపు ఒడ్డున నిలబెట్టిన రాజ్యంగా, గుర్తింపు అడగండి. ఆ వాదన ఇంకా బలంగా ఉంటుంది.

చివరిగా కొన్ని పనికొచ్చే మాటలు. కోట చూడటానికి పడవవాళ్లు ఇచ్చే సమయం తక్కువ. ఆ సమయంలో సిద్దీ పాలకుడు సిరుల్ ఖాన్ మేడ, చెరువులు, మధ్యలో ఉన్న బాలేకిల్లా అనే లోపలి కోట, పడమటి తలుపు చూడటమే కష్టం. కాబట్టి రీల్స్ పని పడవలోనే ముగించుకోండి. గోడల అంచుల మీద నడిచే షాట్లు వద్దు. రాళ్లు వదులైపోయాయి, పిల్లలు చూస్తున్నారు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, డ్రోన్‌కు అనుమతి ముందే తీసుకోండి. వానాకాలంలో పడవలు నడవవు. జూన్‌లో వెళ్లి రేవులో నిలబడి "షాకింగ్! కోట మూసేశారు!" అని పెట్టకండి.

ఒడ్డుకు తిరిగొచ్చాక వెంటనే కారెక్కకుండా, రాజ్‌పురి దగ్గరే ఉన్న ఖోక్రీకి వెళ్లండి. అక్కడ మూడు రాతి సమాధి మందిరాలున్నాయి. పెద్దది సిరుల్ ఖాన్‌ది, బతికుండగానే కట్టించుకున్నాడంటారు. చిన్నవి రెండూ ఖైరియత్ ఖాన్, యాకూత్ ఖాన్ అనే అన్నదమ్ములవి. బొంబాయిని గడగడలాడించిన యాకూత్ ఖాన్ ఇతనే. టికెట్ లేదు, తోపులాట లేదు. రాతి జాలీల పనితనం, కమానుల వరసలు తీరిగ్గా తీసుకోవచ్చు. వెలుతురు సాయంత్రం నాలుగు తర్వాత బాగుంటుంది. తెలుగులో ఖోక్రీ మీద సరైన వీడియో నాకు ఇంతవరకు కనబడలేదు. ఎవరు ముందు చేస్తారో చూస్తాను. ఆ లింకు మా చుట్టాలందరికీ నేనే ఫార్వర్డ్ చేస్తాను.

ఇట్లు,
ముంబై నుంచి మీ ప్రేక్షకుడు